పిట్ట ముట్టేదాకా

మన్సూరాబాద్,
5 మే 2024.

అన్నకు,

ఫోన్‌లో నీతో మాట్లాడడం నా వల్ల కావడం లేదు. జైలువాళ్ళిచ్చే ఐదు నిమిషాల్లో నాలుగు నువ్వు అరవడానికే సరిపోతున్నాయి. అందుకే రాస్తున్నాను. పిల్లల నోటుబుక్కులు దిద్దే ఎర్ర పెన్నే చేతికి దొరికింది, ఏమీ అనుకోకు.

ఇల్లు అమ్ముదామా, ఆగుదామా? నువ్వు అడుగుతున్నదీ అదే, నిన్న రామారావుగారు వచ్చి అడిగిందీ అదే. బయానా ఇచ్చి రెండు నెలలైంది కదా. లోపలికి రాలేదు, గేటు బయటే నిలబడి మాట్లాడాడు. "చూడమ్మా ప్రవీణా, మా అమ్మాయి కాపురం ఉండటానికి కొంటున్నానండీ ఈ ఇల్లు. అద్దెకున్నోళ్ళతో సహా నాకొద్దు. దసరాలోపు ఖాళీ చేయించి తాళాలు ఇవ్వండి. లేదా నా దారి నేను చూసుకుంటాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

మొన్న వకీలు పోలీసులు రాసిన కాగితం చదివి వినిపించాడు. "కింది వాటాలో పదకొండేళ్ళుగా కిరాయికి ఉంటున్న హమాలీ మట్టయ్య కొడుకు అభిలాష్, పందొమ్మిదేళ్ళు, రింగురోడ్డు మీద లారీ గుద్ది చనిపోగా, ఏప్రిల్ ఐదు సాయంత్రం నాలుగింటికి శవాన్ని ఇంటికి తెచ్చారు. ఇంటి యజమాని ఉపేందర్ అడ్డుకుని, అంబులెన్స్ అద్దం పగలగొట్టి, స్ట్రెచర్ లాగి శవాన్ని రోడ్డు మీద పడేసి, సంపు మూత ఎత్తే ఇనుప చువ్వతో మట్టయ్య ఎడమ కన్ను పొడిచాడు." చువ్వ నీ చేతిలో చూసిన సాక్షులు పదకొండు మందట. విని ఊరుకున్నాను.

ఆ రోజు ధనిష్ఠ. ధనిష్ఠలో పోయినవాడి శవం గడప దాటితే ఇల్లు ఆరు నెలలు మూసేయాలని ఈ కాలనీలో అందరూ అనేదే. రామారావుగారికి తెలిస్తే బేరం పోతుందని నీకు ఫోన్ చేసింది నేనే. క్యాలెండర్ చూసి చెప్పింది కూడా నేనే. నాదర్‌గుల్ ప్లాటు దగ్గర్నుంచి నువ్వు ఇరవై నిమిషాల్లో వచ్చావు.

ఇప్పుడు అసలు సంగతి విను. మట్టయ్య, రాములమ్మ ఊళ్ళో దినాలు చేసుకుని తిరిగొచ్చారు. మూడోనాడు అక్కడ పిట్టకు పెడితే పిట్ట ముట్టలేదట. వాడికి ఇష్టమైన బోటికూర, మిర్చి బజ్జీలు, కూల్‌డ్రింక్ అన్నీ పెట్టి ఎండలో సాయంత్రం దాకా కూర్చున్నారట. ఒక్క కాకి వాలలేదు. వాడి పాణం ఇంకా ఈ ఇంటి గేటు దగ్గరే తిరుగుతోందని రాములమ్మ నమ్మకం. నిన్న మెట్ల మీద నన్ను ఆపింది.

"టీచరమ్మా, మీ డాబా మీద నెలనెలా విస్తరి పెడ్త. పిట్ట ముట్టిన నాడు నా అంతట నేనే సామాన్ సదురుకొని పోత. కోర్టుల గూడ నా పెనిమిటి మీ అన్న పేరు ఎత్తడు. పిట్ట ముట్టలేదనుకో, నన్ను నిలువునా నరికినా గీ ఇంట్లకెల్లి కదల."

వకీలును అడిగాను. మట్టయ్య "ఎవరు పొడిచిండో నేను సూడలే" అంటే కేసు నిలవదన్నాడు. అంటే సామాను, సాక్ష్యం, నీకు పడబోయే పదేళ్ళు అన్నీ ఒక కాకి ముక్కు మీద ఉన్నాయి. నువ్వేమంటావు?

ప్రవీణ


జైలు, రెండో బ్యారక్,
20 మే.

చెల్లె ప్రవీణకు,

నీ ఎర్ర ఉత్తరం అందింది. ముందుగాల జైలు సారు చదివిండు, గా తర్వాత నాకిచ్చిండు. ప్రతి ఉత్తరం గట్లనే చదువుతరు. యాదికుంచుకో. ఏం రాయాల్నో ఏం రాయొద్దో నీకు నేను జెప్పాల్నా, పంతులమ్మవు.

ఏందే గీ పిట్ట లొల్లి? ఇల్లు మనది. కిరాయికిచ్చినం గని రాసియ్యలే. నేను గీడ నీళ్ళ పప్పు తాగుకుంట గోడలు సూస్తుంటే నువ్వు గాడ కాకుల కోసం ఆకాశం సూస్తున్నవా? నా పెండ్లం ఇంద్రాణి పుట్టింట్ల కూసున్నది. ఇల్లు అమ్ముడుపోతే నాదర్‌గుల్ ప్లాట్ల రెండు రూములు ఏస్కుంటం, నువ్వు మీ బడి దగ్గర దిల్‌సుఖ్‌నగర్‌ల ఫ్లాట్ తీస్కుంటవ్ అని ముగ్గురం కూసొని అనుకున్నమా లేదా? ఇప్పుడు రాములమ్మ వచ్చి పిట్ట అంటే ఆగుడేనా?

నాకు మస్తు కోపమున్నది. రాత్రి పండుకుంటే పండ్లు కొరుకుతున్ననట, పక్కోడు లేపి తిట్టిండు. వాన్ని కొట్టిన. నన్ను మూడొద్దులు వేరే రూంల ఏసిండ్రు. ఏసుకోనియ్యి.

ధర్మేందర్‌ను పంపిస్తున్న. నాతోని డీసీఎం వ్యాన్ తోలినోడు, నీకెరుకే. ఇద్దరు పోరగాండ్లతోని వస్తడు. మట్టయ్య సామాన్ సదురుకోనీకి సాయం జేస్తడు. సారూ, నువ్వు చదువుతున్నవ్ గద, సాయం జేయనీకే పంపిస్తున్న, ఇంకేం లేదు.

వాడు వచ్చిన రోజు నువ్వు పైకి పోయి తలుపు పెట్టుకో. టీవీ సౌండ్ పెంచుకో. గంటల అయిపోతది.

ఆగుడు లేదు. అమ్ముడే.

ఉపేందర్


మన్సూరాబాద్,
9 జూన్.

అన్నా,

నీ ధర్మేందర్ వచ్చాడు. సాయం చేశాడు. ఎంత సాయం చేశాడో రాస్తాను, మీ సారు కూడా చదువుకుంటాడు.

మొన్న శుక్రవారం పొద్దున రాములమ్మ వరండాలో కత్తిపీట ముందేసుకుని కాకరకాయలు కోస్తోంది. ముగ్గురూ చెప్పులతో లోపలికి వెళ్ళారు. ధర్మేందర్ ముందు బియ్యం డబ్బా తన్నాడు. తర్వాత గోడ మీద దండ వేసి ఉన్న అభిలాష్ ఫోటో లాగి నేలకు కొట్టి, అద్దం మీద కాలు పెట్టి నలిపాడు. "శవానికి దిక్కులేదు గని ఫోటోకు దండనా?" అన్నాడు.

రాములమ్మ కత్తిపీట ఎత్తింది. ఒక్క వేటుకు వాడి ముంజేయి మోచేతి దాకా చీరుకుపోయింది. రెండోవాడు రోకలి అందుకుని ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు మెట్ల మీద వినబడింది. మట్టయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. మూడోవాడు అతనికి ఎడమ వైపు నిలబడి ఉన్నాడు. ఆ వైపు నుంచి వచ్చిన దెబ్బ అతనికి కనబడలేదు. చెవి మీద తగిలి గోడకు పడ్డాడు. లేచాడు. మళ్ళీ ఆ పక్క నుంచే కొట్టారు. ఆ పక్క కనబడదని వాళ్ళకు తెలుసు. నవ్వుకుంటూ కొట్టారు.

నువ్వు చెప్పినట్టు నేను తలుపు పెట్టుకోలేదు. దిగాను. బోరు దగ్గర ఇత్తడి బిందె ఉంది. ధర్మేందర్ చెయ్యి పట్టుకుని మూలుగుతుంటే వెనక నుంచి వాడి తల మీద కొట్టాను. పడ్డాడు. పడ్డాక ఇంకోసారి కొట్టాను. మూడోసారి కొట్టబోతుంటే రాములమ్మ, విరిగిన భుజంతోనే, నా నడుము పట్టి వెనక్కి గుంజింది. "సస్తడు టీచరమ్మా, ఇడువు" అంటోంది. నాకు వినబడుతోంది కానీ చెయ్యి ఆగడం లేదు. ఛీ, నేనంటే నాకే భయం వేసింది అన్నా. మొదటిసారి కూడా కాదు.

వాళ్ళు వాడిని ఆటోలో వేసుకుని పోయారు. ఎవరూ పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. మెట్లు నేనే కడిగాను. రాములమ్మకు దవాఖానాలో కట్టు కట్టించాను. ఇంటికి రాగానే ఆమె అన్న మొదటి మాట: "నువ్వు లేకుంటే మమ్ముల సంపేటోల్లు. నీ రుణం ఎట్ల దీర్చుకోవాలె?"

పిట్ట సంగతి. జూన్ రెండున డాబా మీద విస్తరి పెట్టారు. విస్తరి చుట్టూ నిలబడి అందరూ చేతులు జోడించి "నాయినా, ఏం కోరికున్నా దీరుస్తం, ముట్టు" అని పేరు పేరునా మొక్కారు. వాడికివ్వాల్సిన మాట ఏదన్నా ఉంటే చెప్పమని రాములమ్మ నన్ను కూడా పిలిచింది. నేను మొక్కకుండా గోడ దగ్గరే నిలబడ్డాను. కాకులు ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద వరసగా కూర్చున్నాయి, అన్నీ ఇటే చూస్తూ. ఒక్కటీ రాలేదు.

మట్టయ్య పనికి పోవడం మానేశాడు. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి ఎత్తేసిన రోజు నుంచీ రెండు ఆటోలు మారి పోయేవాడు కదా, ఇప్పుడు ఒంటికన్నుతో మూటలు ఎత్తనివ్వడం లేదట. పొద్దస్తమానం గేటు ఎదురుగా కూర్చుంటాడు. గడియ తీయడానికి చెయ్యి పెట్టే సందు ఉంది చూడు, దానికేసే చూస్తాడు. ఆ సందును నేను రేకు ముక్కతో మూయించాను. మూసినా అటే చూస్తున్నాడు. నేను వెనక సందులోంచి బయటికి పోతున్నాను.

నాయన ఈ ఇల్లు ఎందుకు కట్టాడో నీకు గుర్తుందా? నేనప్పటికి పుట్టలేదు. నువ్వున్నావు. ఒకసారి గుర్తు తెచ్చుకో.

ప్రవీణ


జైలు,
1 జూలై.

చెల్లె,

ధర్మేందర్‌గానికి నలభై కుట్లు పడ్డయట. తప్పు వానిదే, ఫోటో మీద కాలు పెట్టుమని నేను చెప్పలే.

నీ చేతులు జేబుల పెట్టుకో. నువ్వు ఏం రాస్తున్నవో సూసి రాయి. "మొదటిసారి కాదు" అంటవేంది? చిన్నప్పుడు నన్ను చీపురుతోని కొట్టినవ్, గదే గద నువ్వనేది? గదే. సారూ, గదే.

నా రెండు ముంగటి పండ్లు పోయినయ్. కాలు జారి పడ్డనని రాసుకున్నరు, నేను గూడ గట్లనే సంతకం పెట్టిన. జారిపడలే. నేనెందుకొచ్చిన్నో గీడ అందరికీ ఎరుకైంది. ఎవలో పేపర్ ముక్క దాసుకున్నరు. "శవాన్ని ఈడ్చినోడు" అని పేరు పెట్టిండ్రు. మొన్న దుప్పటి కప్పి కొట్టిండ్రు. కొట్టుడు కాదు, కొట్టుడైతే నేను ఓర్చుకుంట. కొట్టినంక రెండు కాళ్ళు పట్టి నన్ను బ్యారక్ ఈ కొస నుంచి ఆ కొస దాక గుంజిండ్రు. నా తల బండల మీద టకటక తాకుతనే ఉన్నది. "గిట్లనేనా గుంజింది? ఇంక జల్ది గుంజినవా?" అని అడుగుతున్నరు. ఒక ముసలోడు పక్కకు కూసొని సూస్తున్నడు, ఏమంటలేడు.

నేను గీడ బతకనే. పదేండ్లు కాదు, పది నెలలు బతక. నన్ను బయటికి తీయాలె. ఏడుస్తున్ననని నవ్వకు.

లొల్లితోని పని గాలే. ఇగ తెలివితోని జెయ్యి. ఈసారి రాములమ్మ విస్తరి పెట్టినప్పుడు ఆమెను ఏదన్న పనికి కిందికి పంపు. విస్తరి గోడవతలికి ఇసిరెయ్యి. పిట్ట తిన్నదను. పిట్టకేమన్న నోరున్నదా సాక్ష్యం జెప్పనీకి? నువ్వు టీచరమ్మవు, నీ మాట నమ్ముతది. వాండ్లు పోతరు. మట్టయ్య నోరు మూసుకుంటడు. రామారావుకు తాళం ఇయ్యి. నేనొస్త.

ఒక్క అబద్ధం. నా కోసం.

ఉపేందర్


మన్సూరాబాద్,
4 ఆగస్టు.

అన్నా,

చేశాను.

జూలై నెలాఖరున విస్తరి పెట్టారు. రాములమ్మ రెండు రోజులుగా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంది. ఎండకు తూలుతోంది. "రాములక్కా, కిందికి పోయి ఇన్ని మజ్జిగన్నా తాగిరా, నేను చూస్తుంటాను" అన్నాను. వద్దంది. గదమాయించాను. వెళ్ళింది. ఆమె కాళ్ళు మెట్ల మలుపు దాటగానే విస్తరి ఎత్తి అందులోదంతా పక్క ఖాళీ స్థలంలోకి గుమ్మరించి, ఆకు తిరిగి పెట్టేశాను. కింద కుక్కలు కొట్టుకున్న చప్పుడు. నాలుగు మెతుకులు పిట్టగోడ మీద పడితే వాటిని చేత్తో చెదరగొట్టాను. తర్వాత గట్టిగా కేక వేశాను. "రాములక్కా, ముట్టింది! పిట్ట ముట్టింది!"

ఆ భుజంతో మెట్లన్నీ ఎట్లా ఎక్కిందో నాకు తెలియదు. ఖాళీ విస్తరి చూసింది. ఆ మెతుకులు చూసింది. నా కాళ్ళ మీద పడింది. లేపితే లేవదు. "నీ నోట్ల చక్కెర బోయ. నా కొడుకు తిన్నడా? ఏం తిన్నడు ముందుగాల? బోటినా, బజ్జీనా?" అని అడుగుతోంది.

"బోటికూర" అన్నాను.

"గదే, గదే! వానికి గదే పాణం" అని నవ్వింది. ఏప్రిల్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. మా ఇంట్లోకి వచ్చి చాయ్ పెట్టించుకుని తాగింది. వాడు నా బియ్యం బస్తా భుజాన వేసుకుని రెండేసి మెట్లు ఎక్కేవాడని, పద్యం తప్పు చదివితే నేను చెవి మెలేస్తే ఇంటికొచ్చి తల్లికి చెప్పి నవ్వేవాడని, అన్నీ చెప్పింది.

మట్టయ్య మాత్రం గుమ్మంలోనే నిలబడ్డాడు. "నువ్వు కండ్లార సూసినవా టీచరమ్మా?" అని ఒక్కటే అడిగాడు.

"రెండు కళ్ళతో చూశాను" అన్నాను. అన్నాక తెలిసింది ఎవరితో అంటున్నానో. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన సామాను తీస్తారు. నాగోల్ అవతల ఒక రేకుల రూము చూసుకున్నారు. రామారావుగారికి ఫోన్ చేశాను. "శుభం అమ్మా, శుభం" అన్నాడు. సెప్టెంబర్లో కోర్టు. నువ్వు వస్తావు.

నువ్వు అడిగిన ఒక్క అబద్ధం నీకిచ్చాను. ఇక నన్నేమీ అడగకు.

ప్రవీణ


జైలు,
18 ఆగస్టు.

చెల్లె,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. గీడ కట్టలు కట్టలు ఆగిపోయి ఉన్నయట. ఇది నీకు జల్దిన అందాలె అని సారు కాళ్ళు మొక్కి పంపిస్తున్న.

గా పిట్ట పని జెయ్యకు. జేసుంటే గట్ల జెయ్యుమని రాసినందుకు నన్ను తిట్టు. జేయకుంటే జెయ్యకు.

ఏమైందంటే, నన్ను గుంజిన నాడు పక్కకు కూసొని సూసిన ముసలోడు ఉన్నడని రాసిన గద. పేరు మురళీకృష్ణ. పద్నాలుగేండ్ల నుంచి లోపట ఉన్నడు. మొన్న జొరమొచ్చి నేను పడుకుంటే నీళ్ళు తాపిండు. నేనడిగిన, నన్ను గుంజుతుంటే నువ్వెందుకు ఆపలే అని. చెప్పిండు. వాళ్ళమ్మ చచ్చిపోతే కిరాయింటి ఓనర్ గేటు తియ్యలేదట. వాన పడుతున్నదట. తల్లిని బండి మీదనే పెట్టుకొని గేటు ముంగట నిలబడి మొక్కిండట, తియ్యలే. దినాలైనంక పోయి గా ఓనర్‌ను గొడ్డలితోని నరికిండు. ఏడుసార్లు నరికిన్నని లెక్క జెప్పిండు. "నీ మట్టయ్య నా అసుంటోడు కాదు, నీ నసీబు మంచిగున్నది" అన్నడు.

నువ్వు యాది జేసుకో అన్నవు గద, జేసుకున్న. నాకప్పుడు ఏడేండ్లు. గడ్డిఅన్నారంల ఒక్క రూం కిరాయికున్నం. నాయనమ్మ అండాలమ్మ సచ్చిపోయింది. ఓనర్ గడప మీద చేతులు అడ్డం పెట్టి నిలబడ్డడు. నాయన మల్లేశం మార్కెట్ల హమాలీ గద, ఆమెను భుజం మీద ఏసుకొని పోయి మోసంబీల షెడ్డుల గడ్డి పరిచి పండబెట్టిండు. లారీలు దిగుతనే ఉన్నయి. పక్కకే వేలం పాట. ఈగలు మొగం మీద వాలుతుంటే నేనే తువ్వాలతోని ఇసిరిన. "మన శవాలు మన ఇంట్లకెల్లే లేవాలె" అని నాయన గాడనే అన్నడు. ఇల్లు కట్టింది గందుకు. ముందుగాల గేటే పెట్టిండు, నాకు యాదున్నది, గోడలు లేకముందే గేటు.

గా గేటు ముంగట నేను అభిలాష్‌ను కింద పడేసిన. కావాలని గుంజిన చెల్లె. కాలు జారలే. వాని చేతికి వాచీ ఇంక నడుస్తున్నది. గదే కనబడుతున్నది నాకు రోజు.

గందుకే చెప్తున్న, అమ్మకు. ఆగుదాం. వాండ్లు ఎన్నేండ్లుంటె అన్నేండ్లు ఉండనీ. నేను జేసింది నేను మోస్త. నువ్వు జేసింది గూడ నేనే మోస్త, గది మాత్రం ఎక్కడ రాయకు, ఎవలకు చెప్పకు. నేను నీ అన్నను. ఒక్కనితోని అయిపోనియ్యి.

ఉపేందర్


మన్సూరాబాద్,
1 సెప్టెంబర్.

అన్నా,

నీ ఉత్తరం ఆగస్టు ఇరవై తొమ్మిది పొద్దున అందింది. కింద ట్రాలీ ఆటోలోకి సామాను ఎక్కుతోంది. మెట్ల మీద కూర్చుని చదివాను. మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

రాములమ్మ తెల్లవారుజామునే పైకి వచ్చి ఆఖరి విస్తరి పెట్టి వెళ్ళింది. వాడు తిన్నందుకు మొక్కట. సామాను ఎక్కించాక తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. గేటు లోపల, వాడి స్ట్రెచర్ ఆగిన చోటుకు రెండడుగుల దూరంలో ఉన్నాం. "కన్నతల్లిని నాకు గాదు, నీకు కనబడ్డడు నా కొడుకు. నువ్వంటే వానికి గంత పాణం" అంది. నా గడ్డం పట్టుకుంది.

నేను చెప్పేశాను.

మొదట పిట్ట సంగతి. విస్తరి కుక్కలకు వేశానని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు, నవ్వు ముఖం అట్లాగే ఉంది. తర్వాత రెండోది. "మట్టయ్య కన్ను పొడిచింది మా అన్న కాదు. నేను."

ఇప్పుడు నీకు కాదు, మీ సారుకు రాస్తున్నాను. సారూ, ఈ పేరా రెండుసార్లు చదవండి. ఏప్రిల్ ఐదున గేటుకు లోపలి నుంచి తాళం వేసింది నేను. బయట మా అన్న అంబులెన్స్ దగ్గర కొట్లాడుతున్నాడు. మట్టయ్య గేటు సందులో ముఖం పెట్టి "టీచరమ్మా, జర తియ్యి, నా కొడుకును నీడకు తీస్కరానియ్యి" అని అడిగాడు. పొమ్మన్నాను. పోలేదు. మళ్ళీ అడిగాడు. సంపు పక్కనే ఉన్న చువ్వ తీసుకుని ఆ సందులోంచి బలం కొద్దీ పొడిచాను. బెదిరించడానికని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కాదు. ఆ గొంతు ఆగాలని పొడిచాను. అరుపు విని మా అన్న గోడ దూకి వచ్చాడు, నా చేతిలోని చువ్వ గుంజుకున్నాడు. "పైకి పో, నువ్వు పైనే ఉన్నవ్" అన్నాడు. ఆ చువ్వ పట్టుకుని తనే గేటు తాళం తీసి బయటికి నడిచాడు. పదకొండు మంది చూసింది అది. దాని కింద నా సంతకం పెడుతున్నాను: మల్లేశం కూతురు ప్రవీణ, తెలుగు టీచరు.

ఇక నువ్వు విను అన్నా.

రాములమ్మ నా జుట్టు పట్టింది. బాగున్న చేత్తోనే నా తలను గేటుకేసి కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. రేకు గేటు మోగుతోంది. కనుబొమ పగిలి నెత్తురు కళ్ళలోకి కారింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. కింద పడితే ఛాతీ మీద కూర్చుని చెప్పుతో నోటి మీద కొట్టింది. "గీ నోటితోనే గద బోటికూర తిన్నడన్నవ్! గీ నోటితోనే గద!" కాలనీ అంతా చేరింది. ఎవరూ ఆపలేదు. మట్టయ్యే వచ్చి ఆమెను లేపాడు. లేపి చాలా మెల్లగా అన్నాడు:

"నాకెరుకనే."

రాములమ్మ అతని వైపు తిరిగింది.

"సందుల నుంచి సూసింది నేను గదనే. గా కన్నుతోని నేను ఆఖరుకు సూసింది టీచరమ్మ మొగమే. చువ్వ ఆమె చేతులనే ఉండె."

"మరి పోలీసోల్లకు ఉపేందర్ అన్నవ్?"

"కన్ను నాది. పోతే పోయింది. నా కొడుకును రోడ్డు మీద ఇసిరేసినోడు జైల్ల కూసోవాలె. టీచరమ్మ పేరు చెప్తే వాన్ని ఇడిసిపెడ్తరు. గందుకని చెప్పలే."

రాములమ్మ అతన్ని కూడా కొట్టింది అన్నా. పోయిన కన్ను వైపు నుంచే చెంప మీద కొట్టింది. "ఐదు నెలలు నాతోని ఆమె చేతి చాయ్ తాపినవ్ గదరా!" అని అరిచింది. తర్వాత గేటు మధ్యలో కూలబడి పెద్దగా ఏడ్చింది. అతను పక్కన కూర్చున్నాడు. నేను కాస్త దూరంలో, నెత్తురు తుడుచుకోకుండా. ట్రాలీ డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి చివరికి వచ్చి "పోవాల్నా, దించాల్నా?" అని అడిగాడు.

నేనే "దించు" అన్నాను.

రామారావుగారికి అదే సాయంత్రం బయానా తిరిగిచ్చేశాను. "మీ ఇష్టం అమ్మా" అన్నాడు. నిన్న పాత ఇనుము కొనేవాళ్ళను పిలిచి నాయన పెట్టిన గేటు ఊడదీయించాను. బందులు తుప్పు పట్టి రాలేదు. సుత్తె తీసుకుని నేనే కొట్టాను. చేతులు బొబ్బలెక్కే దాకా కొట్టాను. ఈసారి నన్ను ఎవరూ వెనక్కి లాగలేదు.

విస్తరి సంగతి ఆ గొడవలో అందరం మరిచిపోయాం. పొద్దుగూకాక రాములమ్మ నన్ను పైకి పంపింది, తను రాలేదు. వెళ్ళి చూస్తే ఖాళీగా ఉంది. కిందికి వచ్చి ఉన్నది ఉన్నట్టే చెప్పాను: "ఖాళీ ఉంది. ఎవరు తిన్నారో నేను చూడలేదు." ఆమె నా ముఖం చూసింది. తలుపు వేసుకుంది.

రేపు పొద్దున ఈ ఉత్తరం పోస్టు చేసి, అట్నుంచి అటే పోలీస్ స్టేషన్‌కు పోతున్నాను. మట్టయ్య కోర్టులో నిజమే చెప్తానన్నాడు, రెండు నిజాలూ. నీది నువ్వు మొయ్యి, నాది నాకు ఇచ్చెయ్యి. ఇల్లు అమ్మడం లేదు. వదినకు చెప్పు.

నా వంతు నాది, నీ వంతు నీది అయ్యాక ముందుగా వచ్చేది నువ్వే. వచ్చినప్పుడు గేటు కోసం వెతకకు, నేరుగా లోపలికి రా. మట్టయ్య వరండాలో కూర్చుని ఉంటాడు. ఎడమ పక్క నుంచి పోకు, అతనికి కనబడదు. కుడి పక్క నుంచి పోయి ఎదురుగా నిలబడు.

చెల్లె,
ప్రవీణ